హజ్ ప్రయాణం: బృందంతోనా, సొంతంగానా?

ఇస్లాం మూలస్తంభాలు ఐదింటిలో హజ్ ఒకటి. స్థోమత గల ముస్లిం స్త్రీ పురుషులకు జీవితంలో ఒకసారి అది విధి. స్థోమత అంటే చేతిలో డబ్బు ఉండటం మాత్రమే కాదు. శరీరంలో శక్తి ఉండాలి, మార్గం సురక్షితంగా ఉండాలి, అప్పులు తీరి ఉండాలి, యాత్రికుడు తిరిగి వచ్చేవరకు ఇంటివారి పోషణకు ఏర్పాటు ఉండాలి. ఈ కాలంలో సౌదీ ప్రభుత్వం ఇచ్చే అనుమతి కూడా ఇందులో చేరింది. కనుక ఎవరి వెంట, ఏ ఏర్పాటు కింద వెళ్ళాలన్నది కేవలం సౌకర్యానికి సంబంధించిన ప్రశ్న కాదు. ఆరాధన సక్రమంగా నెరవేరటం, కొన్ని సందర్భాల్లో ప్రాణం నిలవటం కూడా దాని మీద ఆధారపడి ఉన్నాయి.

పశ్చిమ ప్రకాశంలో ఈ ప్రశ్నకు మరింత బరువుంది. కొనకనమిట్ల వంటి మెట్ట మండలంలో హజ్ సొమ్ము ఒక్క ఏడాదిలో సమకూరదు. పొదిలి వేలం కేంద్రంలో పొగాకుకు మంచి ధర పలికిన ఏడు కొంత, కంది పండిన ఏడు కొంత కూడబెట్టి, పిల్లల పెళ్ళిళ్ళు ముగిశాక ఏ అరవయ్యో ఏటనో దంపతులు బయలుదేరుతారు. అలా కూడిన సొమ్ము ఒకసారి చేజారితే మళ్ళీ కూడబెట్టటానికి వయసు మిగలదు.

పూర్వుల అనుభవం

హజ్ యాత్ర ఆదినుంచీ సామూహిక ప్రయాణమే. కైరో నుంచి, దమిష్క్ నుంచి ఏటా పెద్ద బిడారులు బయలుదేరేవి. వాటికి ఒక అమీరు, రక్షక భటులు, నీటి ఏర్పాట్లు ఉండేవి. ప్రఖ్యాత యాత్రికుడు ఇబ్నె బతూతా 1325లో మొరాకోలోని తంజా నగరం నుంచి ఒంటరిగానే బయలుదేరాడు. ట్యూనిస్ చేరాక హాజీల బిడారులో కలిశాడు. కైరో నుంచి మాత్రం ఎర్రసముద్రపు రేవు ఐజాబ్ మీదుగా దగ్గరి దారిన పోదామనుకున్నాడు. అక్కడ యుద్ధం వల్ల పడవలు నడవక, వచ్చిన దారినే వెనుదిరిగాడు. చివరకు 1326లో దమిష్క్ బిడారుతో కలిసి మక్కా చేరాడు. అంతటి సాహసి కూడా ఆఖరి మజిలీకి బిడారునే ఆశ్రయించవలసి వచ్చింది.

మన దేశపు హాజీలు బొంబాయి నుంచి ఓడలో జిద్దా చేరేవారు. బొంబాయిలో దళారుల మోసాలు, ఓడల్లో ఇరుకు భరించరానివైనప్పుడు బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం 1886లో థామస్ కుక్ కంపెనీకి ఈ ఏర్పాట్లు అప్పగించింది. బృంద విహారయాత్రలకు లోకమంతటా పేరుపొందిన ఆ సంస్థ కూడా పదేళ్ళు తిరగకముందే ఈ పని నుంచి విరమించుకుంది. ఓడ ప్రయాణం 1995తో ముగిసింది. దళారి సమస్య మాత్రం ఓడతోపాటు పోలేదు.

నేడున్న మార్గాలు

హజ్ విషయంలో భారతీయుడికి పూర్తిగా సొంతంగా వెళ్ళే మార్గం లేదు. సౌదీ ప్రభుత్వం దేశాలవారీగా స్థానాలు కేటాయిస్తుంది. ఆ స్థానాలు భారతదేశంలో రెండు ద్వారాల గుండానే లభిస్తాయి. ఒకటి 2002 నాటి చట్టం కింద పనిచేస్తున్న భారత హజ్ కమిటీ. రెండవది కేంద్ర అల్పసంఖ్యాక వ్యవహారాల మంత్రిత్వ శాఖ వద్ద నమోదైన ప్రైవేటు నిర్వాహకులు. 2025లో దేశానికి లభించిన 1,75,025 స్థానాల్లో 1,22,518 కమిటీకి, 52,507 ప్రైవేటు వారికి కేటాయించారు.

కమిటీ ద్వారా వెళ్ళేవారికి ఖర్చు తక్కువ. ఇటీవలి ఏళ్ళలో అది సుమారు మూడు నుంచి నాలుగు లక్షల రూపాయల మధ్య ఉంటూ వచ్చింది. ఎంపిక ఖుర్రా, అనగా లాటరీ పద్ధతిన జరుగుతుంది. కుటుంబ సభ్యులు ఒకే దరఖాస్తు కింద నమోదు కావచ్చు. వృద్ధులకు, మహ్రమ్ తోడు లేకుండా వెళ్ళే స్త్రీలకు ప్రత్యేక కేటాయింపులున్నాయి. యాత్రికుల వెంట రాష్ట్రం నుంచి హజ్ ఇన్‌స్పెక్టర్లు వెళతారు. 2023లో మొదటిసారిగా విజయవాడ నుంచి కూడా హజ్ విమానాలు నడిచాయి. అంతకుముందు ఈ ప్రాంతంవారికి హైదరాబాదు మీదుగా వెళ్ళటమే వాడుక. ఇక లోటుపాట్లు: సాధారణంగా నలభై రోజుల వరకు ఉండాలి. బస తరచు హరమ్‌కు కొన్ని కిలోమీటర్ల దూరంలోని అజీజియాలో ఉంటుంది. గదిలో కొత్తవారితో సర్దుకుపోవాలి.

ప్రైవేటు నిర్వాహకుల వద్ద ప్రయాణకాలం తక్కువ, బస దగ్గర, భోజనం సిద్ధం. ఖర్చు ఆరు లక్షల నుంచి పది లక్షలు దాటవచ్చు. అయితే ఊళ్ళోకి వచ్చి డబ్బు వసూలు చేసే వ్యక్తి చాలాసార్లు నిర్వాహకుడు కాడు, మధ్యవర్తి. అతడు ఏ నిర్వాహకుని తరఫున పనిచేస్తున్నాడో, ఆ నిర్వాహకుని పేరు ఆ ఏటి మంత్రిత్వ శాఖ జాబితాలో ఉన్నదో లేదో చూడకుండా పైకం ఇవ్వరాదు.

రెండు సంవత్సరాల గుణపాఠం

2024 హజ్ కాలంలో మక్కాలో ఎండ 50 డిగ్రీలు దాటింది. ఆ ఏడు 1,301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో 83 శాతం మంది అనుమతి లేకుండా వచ్చినవారు. సందర్శక వీసాపై ముందుగానే మక్కా చేరి, హజ్ రోజుల్లో మీనా గుడారాలు గాని, బస్సులు గాని, నీడ గాని లేక ఎండలో మైళ్ళ తరబడి నడిచారు. ఈ వీసాలు ఇప్పించిన 16 కంపెనీల లైసెన్సులను ఈజిప్టు ప్రభుత్వం రద్దు చేసింది. మరుసటి ఏడు అనుమతి లేకుండా హజ్‌కు పూనుకొనేవారికి 20,000 రియాళ్ళ వరకు జరిమానాను, దేశబహిష్కరణను, పదేళ్ళ నిషేధాన్ని సౌదీ ప్రకటించింది.

2025 మరో పాఠం నేర్పింది. మీనా గుడారాలు, బస, రవాణా ఒప్పందాలు గడువులోగా పూర్తికాలేదన్న కారణంతో భారతీయ ప్రైవేటు స్థానాల్లో అధిక భాగం రద్దయ్యాయి. ప్రభుత్వం సంప్రదించాక సుమారు 10,000 మందికి మాత్రమే తిరిగి అవకాశం దొరికింది. నలభై వేలకు పైగా స్థానాలు పోయాయి. మొదటి ఉదంతంలో యాత్రికులు నియమం తప్పారు. రెండవ దానిలో యాత్రికుల తప్పేమీ లేకపోయినా నష్టం వారి మీదనే పడింది. కనుక నమోదైన నిర్వాహకుడైనా సరే, యాత్ర రద్దయితే సొమ్ము ఎప్పటిలోగా, ఏ విధంగా తిరిగి ఇస్తాడో ముందే కాగితం మీద రాయించుకోవాలి.

భాష సంగతి

ఈ ప్రాంతపు ముస్లిములలో, విశేషించి దూదేకుల కుటుంబాలలో, ఇంటి భాష తెలుగే. శిక్షణ తరగతులు, మార్గదర్శకుల ఉపన్యాసాలు ఎక్కువగా ఉర్దూలో సాగుతాయి. ఇహ్రామ్ ఎక్కడ ధరించాలి, అరఫాత్‌లో ఎంతవరకు ఉండాలి, జమరాత్‌పై రాళ్ళు ఏ వేళ వేయాలి అన్నవి సగం అర్థమైతే చాలవు. అరఫాత్‌లో నిలవటం తప్పితే హజ్ లేదు. మరికొన్ని విధులు తప్పితే ఖుర్బానీతో పరిహారం చెల్లించాలి. కనుక నాయకుడు తెలుగులో చెప్పగలడా అన్నది హోటలు ఎంత దగ్గర అన్నదానికంటే ముందు అడగవలసిన ప్రశ్న. అది కుదరనప్పుడు భాష తెలిసిన బంధువుతో ఒకే దరఖాస్తు కింద చేరటం మేలు.

మక్కాలోని నిజాం రుబాత్‌లో ఉచిత బస దొరుకుతుందని కొందరు ఆశపడతారు. ఆ వసతి పాత హైదరాబాదు సంస్థానపు ప్రాంతాలవారికి ఉద్దేశించినది. పొదిలి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు అందులో చేరవు.

ఉమ్రా సంగతి వేరు

సొంత ప్రయాణానికి నిజంగా వీలున్నది ఉమ్రాలో. 2019 నుంచి సౌదీ పర్యాటక వీసాలు ఇస్తోంది. 2018లో ప్రారంభమైన హరమైన్ రైలు మక్కా మదీనాలను కలుపుతుంది. రౌజాలో నమాజుకు నుసుక్ యాప్‌లో సమయం పొందవచ్చు. గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తూ కొంత అరబ్బీ నేర్చిన యువకుడు ఇవన్నీ తానే చూసుకొని ఖర్చు తగ్గించుకోగలడు. తోచినంతసేపు హరమ్‌లో గడపగలడు. అదే యువకుడు తన తల్లిదండ్రులను మాత్రమే పంపదలిస్తే లెక్క మారుతుంది. ఫోనులో యాప్ తెరవటం రాని వృద్ధులకు బృందమే రక్షణ. కుమారుడు వెంట వెళ్ళగలిగితే అతడే వారికి బృందం.

ముగ్గురు ప్రయాణిస్తే ఒకరిని నాయకునిగా ఎన్నుకోవాలని దైవప్రవక్త(స) బోధించారు. పాటించదగిన నాయకుడు దొరికే మార్గమే మంచి మార్గం. అది కమిటీ కావచ్చు, నమ్మకమైన నిర్వాహకుడు కావచ్చు, ఉమ్రాలోనైతే కన్నకొడుకు కావచ్చు. లాటరీలో పేరు రాలేదని దొంగదారిన బయలుదేరటం మాత్రం వీటిలో దేని కిందకూ రాదు. మార్గం లేనివాడిపై హజ్ విధి కాదు. ఆ సంవత్సరానికి ఆగి, మరుసటి ఏడు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవటంలో లోపమేమీ లేదు.