తల్లి జబ్బు వెనుక జన్యువును వెతికిన కూతురు

కొన్నేళ్ల క్రితం 40 ఏళ్లు దాటిన ఒకాయనను భార్య మా వార్డుకు తీసుకొచ్చింది. నడక తూలుతోంది, మాట ముద్దగా వస్తోంది, చేతులు వాటంతట అవే మెలికలు తిరుగుతున్నాయి. చూడగానే తాగి వచ్చాడనుకున్నాం. "ఈయన జన్మలో తాగలేదు సిస్టరమ్మా, మా మామగారు కూడా ఇట్లాగే పోయారు" అని ఆమె ఏడ్చింది. ఆ రెండో మాటను మేము కేసు షీటులో కూడా రాయలేదు. నరాల డాక్టరు గారు చూశాకే తెలిసింది, అసలు సంగతంతా ఆ మాటలోనే ఉందని. అది హంటింగ్టన్ వ్యాధి.

ఈ జబ్బు గురించి 1872లో వివరంగా రాసినవాడు జార్జ్ హంటింగ్టన్ అనే అమెరికా డాక్టరు. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లే. సాధారణంగా 30, 50 ఏళ్ల మధ్య మొదలవుతుంది. ముందు కోపం, దిగులు, మతిమరుపు రావచ్చు. మెల్లగా ఒళ్లు స్వాధీనం తప్పుతుంది. మన వైపు ఇలాంటివి వింటే మొదట "మేనరికమా?" అని అడుగుతారు. దీనికి మేనరికంతో పనిలేదు. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా చాలు, పుట్టే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. ఆడపిల్ల, మగపిల్లవాడు అనే తేడా లేదు.

దీని వెనుక ఉన్న జన్యువు దొరకడానికి నాన్సీ వెక్స్‌లర్ అనే అమెరికా శాస్త్రవేత్త పడిన శ్రమ చాలా ఉంది. ఆమె చదివింది మనస్తత్వశాస్త్రం. 1968లో ఆమె తల్లి లియోనోర్ రోడ్డు దాటుతుంటే, పొద్దున్నే తాగావా అని పోలీసు గద్దించాడు. ఆ తర్వాత జబ్బు బయటపడింది. లియోనోర్ తండ్రి, ముగ్గురు అన్నదమ్ములు అదే జబ్బుతో చనిపోయారు. నాన్సీకి, అక్క ఆలిస్‌కు తండ్రి విషయం దాచకుండా చెప్పారు. ఈ జబ్బు మీద పరిశోధన కోసం ఆయన ఒక సంస్థను కూడా మొదలుపెట్టారు. తల్లి 1978లో కన్నుమూసింది.

మరుసటి ఏడాది నాన్సీ వెనిజులాలోని మరకైబో సరస్సు ఒడ్డుకు వెళ్లింది. అక్కడి జాలరి పల్లెల్లో ఈ జబ్బు ఇంటింటా ఉంది. అక్కడి డాక్టరు అమెరికో నెగ్రెత్తె 1950లలోనే దాన్ని గుర్తించారు. నాన్సీ జట్టు ఏటేటా వెళ్లి, 18,000 మందికి పైగా ఉన్న వంశవృక్షం రాసింది, 4,000కు పైగా రక్త నమూనాలు తీసింది. రక్తం ఇవ్వడానికి జనం మొదట జంకారు. అప్పుడు జట్టులోని నర్సు ఫిదేలా గోమెజ్ నాన్సీ చేయి పట్టుకుని, పరీక్ష కోసం చర్మం ముక్క తీసిన మచ్చను అందరికీ చూపించింది. ఈమెదీ మీలాంటి కుటుంబమే, ఈమె కూడా ఇచ్చింది అని చెప్పింది. నర్సులం కాబట్టి ఆ ఘట్టం మాకు ప్రత్యేకంగా నచ్చుతుంది.

1983లో జేమ్స్ గుసెల్లా బృందం ఆ జన్యువు 4వ క్రోమోజోము మీద ఉందని తేల్చింది. సరిగ్గా ఎక్కడుందో పట్టుకోవడానికి మరో పదేళ్లు, అంటే 1993 దాకా పట్టింది. జన్యువులో సి, ఎ, జి అనే మూడక్షరాల ముక్క వరుసగా తిరిగి తిరిగి వస్తుంది. 26 సార్లు, అంతకు తక్కువైతే భయం లేదు. 40, ఆ పైన అయితే జబ్బు తప్పదు. ఎంత ఎక్కువైతే అంత చిన్న వయసులో మొదలవుతుంది.

ఇప్పుడు రక్తపరీక్షతో ముందే తెలుసుకోవచ్చు. కానీ నయం చేసే మందు ఇంకా రాలేదు. టెట్రాబెనజిన్ వంటివి ఆ కదలికలను కొంత తగ్గిస్తాయి, అంతే. అందుకే ముప్పు ఉన్నవాళ్లలో చాలామంది పరీక్ష వద్దనే అనుకుంటారు. తనకూ ఆ జబ్బు ఉందని నాన్సీ 2020లో, 74 ఏళ్ల వయసులో బయటికి చెప్పింది.

మందు లేదని చేతులు ముడుచుకోనక్కరలేదు. ఈ రోగి ఊరికే చిక్కిపోతాడు, మామూలు కంటే ఎక్కువ తిండి కావాలి. నిటారుగా కూర్చోబెట్టి, మెత్తగా, చిక్కగా, కొంచెం కొంచెం పెట్టాలి. నీళ్లలాంటివి తొందరగా పోస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పరుపు నేల మీదే వేయండి. మాట అడిగి జవాబు కోసం ఆగండి. ఆలస్యంగానైనా చెబుతాడు, అతనికి అర్థమవుతూనే ఉంటుంది. బతకాలని లేదు అన్నాడంటే తేలిగ్గా తీసుకోకుండా వెంటనే డాక్టరుకు చెప్పండి.

మా రోగి భార్య డిశ్చార్జి రోజున మమ్మల్ని పక్కకు పిలిచి, "పిల్లకు సంబంధం చూస్తున్నాం, వాళ్లకు చెప్పాలా?" అని అడిగింది. మా చదువులో దానికి జవాబు లేదు. ముందు అమ్మాయికి చెప్పండి, పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది మేజరైన ఆమే తేల్చుకోవాలి, ఆ ముందు కౌన్సెలింగ్‌కు వెళ్లాలి అని మాత్రం చెప్పాం. ఆ అమ్మాయి తర్వాత వచ్చింది. పరీక్ష మాట ఎత్తలేదు. నాన్నకు పొలమారకుండా జావ ఎలా తాగించాలో నేర్పమని అడిగింది.