మిద్దె నుంచి మిద్దెకు

2020 అక్టోబరు వానలకు బుర్హాన్‌ఖాన్ చెరువు నీళ్ళు హైదరాబాదు శివారు జల్‌పల్లిలోని ఉస్మాన్‌నగర్ ఇళ్ళలోకి వచ్చాయి. నెలల తరబడి పోలేదు. వరదలో ముందు కరెంటు పోతుంది, ఆ వెనకే ఫోన్లో చార్జింగు. సెల్ టవరు బ్యాటరీలైనా ఎంతసేపు ఆగుతాయి? అప్పుడు ‘మేం మిద్దె మీద ఉన్నాం’ అని పక్క కాలనీకి చెప్పడం ఎలా?

ఆ ఏడాదే అమెరికాలో కెవిన్ హెస్టర్ అనే ప్రోగ్రామరు, సిగ్నల్ అందని కొండల్లో తిరిగేవాళ్ళు కబుర్లు పంపుకోవడానికి మెష్‌టాస్టిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాడు. దానికి ఆధారమైన లోరా రేడియో అంతకన్నా పాతది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో సైక్లియో అనే చిన్న కంపెనీ నీళ్ళ మీటర్లూ గ్యాస్ మీటర్లూ దూరం నుంచే చదవడానికని ఆ దారి పట్టింది. 2012లో సెమ్‌టెక్ అనే కంపెనీ దాన్ని కొనుక్కుంది.

లోరా సంకేతం ఒకే శ్రుతిలో నిలవదు. పిట్ట కూతలా కింది నుంచి పైకి జారుతుంది. ఆ జారుడు ఎలా ఉంటుందో వినే చిప్‌కు ముందే తెలుసు కనుక, చుట్టూ ఉన్న రొదలో నూరో వంతు బలమున్న సంకేతాన్నయినా పోల్చుకోగలదు. అయితే మహా నెమ్మది: సెకనుకు ఒక కిలోబిట్ అటూ ఇటూ. ఫొటోలు కుదరవు, ఒక్కో సందేశానికి సుమారు 200 బైట్లే చోటు. ఇక్కడే తెలుగుకు చిక్కు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, ఉర్దూ అక్షరానికి రెండు పడితే, మనకు అక్షరానికీ గుణింతానికీ పొల్లుకూ విడివిడిగా మూడేసి. ‘మేం మిద్దె మీద ఉన్నాం’ అంటే 57 బైట్లు! ఆపదలో సొంత లిపిలో రాసేవారికే చోటు తక్కువ కావడం నాకు బాధగా ఉంటుంది. పొట్టి మాటలేవో కాలనీవాళ్ళు ముందే అనుకుని పెట్టుకోవాలి.

మెష్‌టాస్టిక్‌లో కబురు అందుకున్న ప్రతి రేడియో పెట్టె దాన్ని తిరిగి ఒకసారి పంపుతుంది. అన్నీ ఒక్కసారే పలికితే గోల కనుక, సంకేతం బలహీనంగా అందిన పెట్టె, అంటే బహుశా దూరాన ఉన్నది, ముందు పలుకుతుంది. అది విన్న దగ్గరి పెట్టె ఊరుకుంటుంది. ఇలా కబురు పెట్టె నుంచి పెట్టెకు మామూలుగా మూడు గంతులు వేస్తుంది, పెంచితే ఏడు. దూరం కన్నా గోడలే దీనికి శత్రువులు. జల్‌పల్లికి పహాడీ షరీఫ్ గుట్ట ఉండనే ఉంది. పైన ఒక్క పెట్టె పెట్టగలిగితే కింద ఎన్నో మిద్దెలు దాని చూపులోకి వస్తాయి.

ఆపదలో రేడియో మనకు కొత్త కాదు. 2004 సునామీ వేళ, హామ్ (అమెచ్యూర్ రేడియో) ప్రసారాల కోసం అండమాన్ వెళ్ళి ఉన్న హైదరాబాదు జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందం, భారతీ ప్రసాద్ ముందుండి, పోర్ట్ బ్లెయిర్ నుంచి బయటికి కబుర్లు చేర్చింది. హామ్ కావాలంటే పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి. లోరా లాంటి తక్కువ శక్తి పరికరాలకు 865–867 మెగాహెర్ట్జ్ పట్టీలో 2005 నుంచి ఆ లైసెన్సు అక్కర్లేదు. పెట్టెలోకి రేడియో బోర్డు కొనేటప్పుడు 868 రకమే అడగాలి, 433 రకం పనికిరాదు.

ఇక పెట్టెకు సోలారు కరెంటు. ఈఎస్‌పీ32 చిప్ ఉన్న బోర్డు సుమారు 100 మిల్లీఆంపియర్లు తాగుతుంది, 3000 మిల్లీఆంపియర్-గంటల సెల్లు దానికి ఒకటిన్నర రోజైనా రాదు. నార్డిక్ చిప్ బోర్డుకు పది చాలు. అదే సెల్లుతో పన్నెండు రోజుల ముసురు గడుస్తుంది. మన దగ్గర వానకన్నా మే నెల ఎండతోనే ఎక్కువ భయం. 45 డిగ్రీలు దాటిన లిథియం సెల్లును చార్జి చెయ్యకూడదు. అందుకే సోలారు పలకను దక్షిణానికి వంచి, పెట్టెను దాని నీడలో, గాలి ఆడేలా బిగించాలి. లోపల చేరిన చెమ్మ దిగిపోవడానికి అడుగున సన్నటి రంధ్రం ఒకటి.