మందుల బిల్లు మీద మీ నంబరు ఎందుకు?

మందుల షాపులో ‘ఫోన్ నంబరు చెప్పండి’ అనగానే చెప్పేస్తున్నారా? ఆ పది అంకెల పక్కన మీరు కొన్న మాత్రల పేర్లూ చేరతాయి. వాటిని చూసి కంప్యూటరు మీ మీద ఒక ముద్ర వేయగలదు.

మెట్‌ఫార్మిన్ కొంటే షుగర్ అనుకుంటుంది. కానీ పీసీఓఎస్ ఉన్న అమ్మాయిలకూ ఆ మాత్ర రాస్తాం. అమిట్రిప్టిలిన్ కొంటే డిప్రెషన్ అనుకుంటుంది. దాన్ని మైగ్రేన్‌కీ, నరాల నొప్పికీ ఇస్తాం. పెళ్లికి ఎదిగిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో అలాంటి తప్పుడు ముద్ర ఎంత పని చేస్తుందో చెప్పక్కర్లేదు.

ఇది ఉత్త భయం కాదు. 2018లో మన రాష్ట్రంలోనే ‘అన్న సంజీవిని’ దుకాణాల్లో మందులు కొన్నవారి పేర్లు, నంబర్లు, మందుల వివరాలు ఇంటర్నెట్‌లో బయటపడ్డాయి.

తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ రకరకాల ప్రభుత్వ రికార్డులను కలిపి అర్హులెవరో లెక్కగడుతుంది. పేర్లు కలిసిపోయి, హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుణ్ణి కారు యజమానిగా చూపింది. ఆ ఇంటికి రేషన్ అందలేదు. కంప్యూటరు జల్లెడలో రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

రిపోర్టు ఒక్కటే చూసి మేం మందు రాయం. మనిషిని చూస్తాం, అనుమానం ఉంటే పరీక్ష మళ్లీ చేయిస్తాం. మన నూజివీడు చిన్నరసాన్నైనా పైన మచ్చ చూసి పారేయం, కోసి చూస్తాం. మనిషికి ఆ పాటి అవకాశం ఉండొద్దా?

గోప్యత ప్రాథమిక హక్కేనని, అది రాజ్యాంగంలోని 21వ అధికరణలో భాగమని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ హక్కును ఇలా వాడుకోండి.

• కొన్ని యాంటీబయోటిక్స్, నిద్రమాత్రలకు షాపువారు రోగి పేరు, డాక్టరు పేరు రాసుకోవాలి. ఫోన్ నంబరు తప్పనిసరి కాదు. ‘వద్దండీ’ అనొచ్చు.

• 14 అంకెల ‘ఆభా’ నంబరు మీ ఇష్టమే. మీ అనుమతితోనే రికార్డులు పంచుకోవాలి. ఎవరికి, ఎంతకాలానికి అనుమతిస్తున్నారో చదివి ఒప్పుకోండి.

• పక్కవారి మామిడి తోట పొరపాటున మీ ఆధార్‌కు ఎక్కి పథకం ఆగిందా? సచివాలయంలో కారణం అడగండి. పాస్‌బుక్ జత చేసి, క్షేత్ర పరిశీలన కోరుతూ అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

• రిపోర్టులు, ప్రిస్క్రిప్షన్ల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

ఒక్క మాట. ఈ జాగ్రత్తలు బయటివారి దగ్గరే. మీ డాక్టరు దగ్గర మాత్రం ఏదీ దాచకండి. దాస్తే నష్టపోయేది మీ ఆరోగ్యమే.