కోటి పౌండ్ల కారులో అసలు కారెంత?

1990లో లండన్ హైకోర్టులో ఒక కారు కేసు నడిచింది. దొంగతనం కేసు కాదు, యాక్సిడెంట్ కేసూ కాదు. "ఈ కారు ఆ కారేనా?" అన్నదే గొడవ. బేరం మాత్రం చిన్నది కాదు, అక్షరాలా కోటి పౌండ్లు. అమ్మేవాడు ఇది సాక్షాత్తూ 'ఓల్డ్ నంబర్ వన్' అంటాడు. కొంటానని ఒప్పందం చేసుకున్న కంపెనీ, ఇందులో ఆ పాత కారు ఎక్కడుంది చూపించండి అంటూ వెనక్కి తగ్గింది.

మనం సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ఏం చేస్తాం? ఆర్‌సీ పట్టుకుని ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ సరిచూస్తాం. కలిస్తే అదే బండి, కలవకపోతే అనుమానం. ఈ లెక్కన ఓల్డ్ నంబర్ వన్ మొదటి పరీక్షలోనే ఫెయిల్. దానికి ఇంజిన్ మారింది, ఛాసిస్ మారింది, బాడీ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇంతకీ ఏమిటా కారు? బెంట్లీ కంపెనీ చేసిన స్పీడ్ సిక్స్ రేస్ కారు. ఆరు సిలిండర్లు, ఆరున్నర లీటర్ల ఇంజిన్. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే హ్యాచ్‌బ్యాక్‌లలో ఉండేది 1.2 లీటర్లే, పోల్చుకోండి. 1929లో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల రేసును వుల్ఫ్ బర్నాటో, టిమ్ బిర్కిన్ ఈ కారుతో గెలిచారు. ఒక పగలూ ఒక రాత్రీ కలిపి 2,800 కిలోమీటర్ల పైనే నడిచింది. ఆ ఏడు మొదటి నాలుగు స్థానాలూ బెంట్లీలవే. మరుసటి ఏడాది బర్నాటో ఈసారి గ్లెన్ కిడ్‌స్టన్‌ను జోడీగా తెచ్చుకుని మళ్లీ గెలిచాడు. సూపర్‌చార్జర్ ఉన్న మెర్సిడెస్‌లో రుడాల్ఫ్ కరాచియోలా గట్టి పోటీ ఇచ్చాడు గానీ, ఆ బండి మధ్యలోనే ఆగిపోయింది.

ఈ బర్నాటో మామూలోడు కాదు. తండ్రి దక్షిణాఫ్రికా కింబర్లీ వజ్రాల గనుల్లో కోట్లు గడించాడు. కొడుకు ఆ డబ్బు బెంట్లీలో పెట్టి, కంపెనీకి చైర్మన్ అయ్యి, ఆ కంపెనీ కారే తోలాడు. లె మాన్‌లో మూడుసార్లు దిగాడు, మూడుసార్లూ గెలిచాడు. డబ్బున్నవాడి సరదా అని తీసిపారేయడానికి లేదు.

అసలు చిక్కు మొదలైంది గెలుపుల మధ్య వర్క్‌షాప్‌లో. 24 గంటలు పూర్తి వేగంతో నడిచిన కారుకు ఏం మిగులుతుంది? బ్రేకులు అరిగిపోతాయి, స్ప్రింగులు అలసిపోతాయి, ఛాసిస్ లోపల కంటికి కనబడని పగుళ్లు మొదలవుతాయి. లండన్‌లోని క్రికిల్‌వుడ్ ఫ్యాక్టరీలో మెకానిక్కులు రేసు కారును విప్పి, నమ్మకం లేని ప్రతి భాగాన్నీ తీసేసి కొత్తది బిగించేవాళ్లు. అలా చేయకపోతే డ్రైవర్ ప్రాణానికే ముప్పు. అంటే, మెయింటెనెన్స్ ఎంత నిజాయితీగా చేస్తే పాత కారు అంత మాయమైపోతుంది! మ్యూజియంలో పెట్టిన కారుకు ఈ బాధ లేదు. రేసులు గెలిచే కారుకే ఉంది.

మా సాఫ్ట్‌వేర్‌వాళ్లకు ఇది రోజువారీ వ్యవహారం. పదేళ్ల కిందటి యాప్ కోడ్ తెరిచి చూస్తే మొదట రాసిన లైన్లు నాలుగైనా ఉంటాయో లేదో. అయినా మీ ఫోన్‌లో దాన్ని అదే పేరుతో పిలుస్తారు, కొత్త యాప్ అని ఎవరూ అనరు. కాకపోతే ఎవరూ దానికి కోటి పౌండ్లు ఇచ్చి, మొదటి లైన్ చూపించమని అడగరు.

1931లో ఆర్థిక మాంద్యం దెబ్బకు బెంట్లీ కుప్పకూలి రోల్స్ రాయిస్ చేతికి పోయింది. కారు మాత్రం ఆగలేదు. అదే ఏడాది ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్‌లో జరిగిన 500 మైళ్ల రేసును దాంతోనే జాక్ డన్‌ఫీ, సిరిల్ పాల్ గెలిచారు. తర్వాత దానికి ఎనిమిది లీటర్ల ఇంజిన్ ఎక్కించారు. 1932 సెప్టెంబర్ 24న మళ్లీ అదే 500 మైళ్ల రేసు. బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మలుపుల దగ్గర గోడలా పైకి లేచిన కాంక్రీట్ వాలు ఉంటుంది. జాక్ తమ్ముడు క్లైవ్ డన్‌ఫీ నడుపుతుండగా కారు ఆ వాలు పైఅంచు దాటి అవతలకు ఎగిరిపోయింది. క్లైవ్ చనిపోయాడు.

ఆ శిథిలాన్ని తుక్కు కింద వేయలేదు. రెండు సీట్ల కూపేగా మళ్లీ కట్టి రోడ్డు మీద తిప్పారు. దశాబ్దాల తర్వాత ఒక యజమాని కూపే బాడీ తీసేయించి, పాత రేస్ కారు రూపం తెప్పించాడు. ఆయనే కోటి పౌండ్లకు బేరం పెట్టింది.

జస్టిస్ ఆటన్ ఒక్కో భాగం లెక్క తీశారు. 1929 కారుది అని చెప్పడానికి, ఏ కాలానివో తేల్చలేని చిల్లర ఫిట్టింగులు తప్ప ఏమీ లేవు. 1930 కారు నుంచి మిగిలినవి మూడు: పెడల్ షాఫ్ట్, గేర్‌బాక్స్ పైతొడుగు, స్టీరింగ్ కాలమ్. ఛాసిస్, ముందు ఇరుసు, ఎనిమిది లీటర్ల ఇంజిన్ మాత్రం 1932 ప్రమాదంలో ఉన్న కారువే.

ఇక కొన్నవాళ్లదే గెలుపు అనుకుంటాం కదా? కాదు. అమ్మినవాడే గెలిచాడు. దీన్ని 'ఒరిజినల్' అనలేమని జడ్జి ఒప్పుకున్నారు. 1929, 30ల్లో లె మాన్ గెలిచిన స్పీడ్ సిక్స్ ఇదే అనడమూ కుదరదన్నారు. కానీ ఆ గెలుపుల నుంచి నేటిదాకా ఈ కారు చరిత్ర ఎక్కడా తెగలేదు. ఓల్డ్ నంబర్ వన్ నేనే అని చెప్పుకోగల కారు ప్రపంచంలో ఇంకొకటి లేదు. కాబట్టి ఆ పేరు దీనిదే, ఇది 'అథెంటిక్' అని తేల్చి, ఒప్పందానికి కట్టుబడమన్నారు.

తీర్పు సబబే అని నాకనిపిస్తుంది. రేస్ కారు అంటే మొదటి రోజు ఫ్యాక్టరీ గేటు దాటిన ఇనుము మాత్రమే అంటే, అక్కడితో కదలకుండా దాచిపెట్టిన కారుకే విలువ ఇచ్చినట్టవుతుంది. అయితే కొన్నవాళ్ల కడుపుమంటా అర్థం చేసుకోదగ్గదే. వాళ్లు డబ్బు కుమ్మరించడానికి సిద్ధపడింది లె మాన్ గెలుపులు చూసి. చేతికొచ్చేది ప్రధానంగా క్లైవ్ డన్‌ఫీ ఆఖరిసారి తోలిన కారు. 1930లో బర్నాటో, కిడ్‌స్టన్ రాత్రంతా తొక్కిన పెడల్స్‌ను మోసిన షాఫ్ట్ మాత్రం ఇంకా అందులోనే ఉంది.