తొలి గెలాక్సీల గుర్తింపు: రంగు చాలదు, వర్ణపటం కావాలి

సుదూర గెలాక్సీ నుంచి బయలుదేరిన కాంతి మనల్ని చేరేలోగా విశ్వం వ్యాకోచిస్తూనే ఉంటుంది. అందువల్ల ఆ కాంతి తరంగదైర్ఘ్యం సాగుతుంది. దీనినే అరుణ విస్థాపనం అంటారు. దీని విలువ 14 అయితే తరంగదైర్ఘ్యం 14 రెట్లు కాదు, 15 రెట్లు అవుతుంది. ఒకటి కలపడం విద్యార్థులు తరచుగా మరచిపోతారు.

ఒక లెక్క చేసి చూద్దాం. తొలి గెలాక్సీల చుట్టూ ఉన్న తటస్థ హైడ్రోజన్ 121.6 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతిని దాదాపు పూర్తిగా శోషిస్తుంది. అరుణ విస్థాపనం 14.2 ఉంటే ఈ హద్దు 15.2 రెట్లు సాగి సుమారు 1.85 మైక్రోమీటర్ల వద్దకు చేరుతుంది. హబుల్ టెలిస్కోపు చూడగలిగేది దాదాపు 1.7 మైక్రోమీటర్ల వరకే. అంటే అటువంటి గెలాక్సీ హబుల్‌కు కనిపించనే కనిపించదు. 2021 డిసెంబరు 25న ప్రయోగించిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు పరారుణ కాంతి కోసమే రూపొందింది. దాని దర్పణం వ్యాసం 6.5 మీటర్లు. వెచ్చని వస్తువులన్నీ పరారుణ కాంతిని వెలువరిస్తాయి కనుక దానిని భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యకవచం నీడలో చల్లగా ఉంచారు.

మొదట వేర్వేరు ఫిల్టర్లతో ఫోటోలు తీస్తారు. తక్కువ తరంగదైర్ఘ్యపు ఫిల్టర్లలో మాయమై, ఎక్కువ తరంగదైర్ఘ్యపు ఫిల్టర్లలో కనిపించే చుక్కను సుదూర గెలాక్సీ కావచ్చునని భావిస్తారు. ఇది అంచనా మాత్రమే. సీర్స్-93316 అనే గెలాక్సీ అరుణ విస్థాపనం సుమారు 16.4 అని 2022లో అంచనా వేశారు. అది నిజమైతే విశ్వం వయస్సు 25 కోట్ల సంవత్సరాలైనా నిండని కాలం నాటి గెలాక్సీ అది! దాని విలువ 5 దరిదాపుల్లో కూడా ఉండవచ్చునని కొందరు అప్పుడే హెచ్చరించారు. 2023లో వర్ణపటం తీస్తే 4.9 అని తేలింది. ధూళి వల్ల ఎర్రబడిన ఆ గెలాక్సీలోని ఆక్సిజన్, హైడ్రోజన్ ఉద్గార రేఖలు సరిగ్గా కొన్ని ఫిల్టర్లలో పడి, దానిని అతిదూర గెలాక్సీలా భ్రమింపజేశాయి.

జేడ్స్-జీఎస్-జెడ్14-0 సంగతి వేరు. 2024లో వెబ్ తీసిన వర్ణపటంలో పైన చెప్పిన హద్దు స్పష్టంగా కనిపించి, 14.32 అనే విలువ వచ్చింది. అయితే హైడ్రోజన్ ఆ హద్దును కొంత మసకబరుస్తుంది. తరువాత చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపు ఆ గెలాక్సీలో ఆక్సిజన్ రేఖను గుర్తించడంతో విలువ 14.18గా స్థిరపడింది. ఆక్సిజన్ నక్షత్రాల గర్భంలోనే తయారవుతుంది. అంటే విశ్వానికి సుమారు 30 కోట్ల సంవత్సరాలు నిండేసరికే అక్కడ ఒక తరం భారీ నక్షత్రాలు పుట్టి, అంతరించిపోయాయన్నమాట.