మెమొరీ కార్డులో మాతృభాష

అరకు, పాడేరు కొండలలో అక్షరము రాని పెద్దలు నేటికీ మన సంఘములలో ఉన్నారు. వారికి వాక్యము చెవిద్వారానే అందవలెను, అదియు వారి ఇంటి భాషలో.

హోండూరస్‌లో సేవచేసి, మలేరియాతో అమెరికాకు తిరిగివచ్చిన జాయ్ రిడ్డర్‌హాఫ్ అను సహోదరి 1939లో గాస్పెల్ రికార్డింగ్స్ ప్రారంభించెను. ఆ సంస్థవారి అట్ట గ్రామఫోనుకు కరెంటు అక్కరలేదు, చేతితోనే రికార్డు త్రిప్పేవారు. గ్లోబల్ రికార్డింగ్స్ నెట్‌వర్క్ అను పేరుతో నేడు కువి, కొండ మొదలగు భాషల సందేశములను ఉచితముగా ఇచ్చుచున్నారు.

ఎం.పి.3 ఫైలు సాధారణ నాణ్యతలో నిమిషమునకు సుమారు 1 ఎం.బి. గనుక 1 జి.బి.లో పదహారు గంటలకు పైగా పట్టును. హోం థియేటరు రిసీవరుకు పెన్‌డ్రైవు పెట్టగా పలకనిచో చెడిపోయినదని కంగారుపడవద్దు. పెక్కు రిసీవర్లు ఫ్యాట్32 పద్ధతినే గుర్తించును. ఫైళ్లకు 001, 002 అని పేర్లు పెట్టుడి, లేనియెడల కొన్నింటిలో మత్తయి 1 తరువాత 10వ అధ్యాయము వచ్చును! ఫోను వైరును "ఆక్స్"లో గ్రుచ్చుడి, "ఫోనో"లో వద్దు. అది గ్రామఫోనుకు మాత్రమే. "హాల్" వంటి ప్రతిధ్వని మోడులు వాక్యమును పాడుచేయును, స్టీరియో చాలును.

పాటల విషయములో మాత్రము నాకు దిగులున్నది. ట్రాకు మ్రోగగానే సంఘము నోరు మూసికొనుచున్నది, డప్పు మూలకు చేరుచున్నది. ఆరాధనలో రిసీవరును ఆపి, మన అవ్వలు పాడేవాటిని ఫోనులో రికార్డు చేయుడి. ఒక కార్డు కాపరిగారి ఇంట, మరొకటి వేరొక ఊరిలో దాచుడి.