గుండమ్మ ఏ ఊరి మనిషి?

తెనాలిలో నేను వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే కొట్టు నడిపిన రోజుల్లో సినిమా సమీక్షలన్నీ నా కౌంటరు మీదే జరిగేవి. టేపు వెనక్కి తిప్పకుండా తెచ్చారని నేను సణుగుతుంటే, అవతల వాళ్ళు తీర్పులు చెప్పేవారు. ‘ఫస్టాఫ్ పర్లేదు, సెకండాఫ్ సాగదీశాడు.’ ‘కథేం లేదు గానీ కామెడీ బావుంది.’ డబ్బిచ్చి చూసినవాడికి ఆ మాత్రం హక్కుంది, కాదనను. ఒక్క తీర్పు దగ్గరే నాకు తిక్క రేగేది: ‘ఇదేదో ఇంగ్లీషు సినిమాకి కాపీ అటండీ.’ ఏ సినిమా అంటే పేరు తెలీదు. మీరు చూశారా అంటే, వాళ్ళ బావమరిది చూశాడు.

కొట్టు మూసేసి చాలా ఏళ్ళయింది. బావమరుదులు మాత్రం పెరిగారు. ట్రైలర్ వచ్చిన సాయంత్రానికే సినిమాకి కాపీ ముద్ర పడిపోతోంది.

కాపీలు లేవని నేను అనడం లేదు. సీనుకి సీను, కెమెరా కోణంతో సహా ఎత్తుకొచ్చి, టైటిల్స్‌లో ‘కథ’ అని తమ పేరు వేసుకున్నవాళ్ళు మన దగ్గర ఉన్నారు. హక్కులు కొంటే రీమేక్, కొనకపోతే ఫ్రీమేక్ అని జనం ఊరికే వెక్కిరించరు. అది దొంగతనం, వేరే పేరు అక్కర్లేదు. అయితే కథ బయటి నుంచి వచ్చిందని తెలియగానే సినిమాని తీసిపారేసే లెక్క చూస్తే, ముందు మనం ‘గుండమ్మ కథ’ని అవతల పారేయాలి.

1962లో వచ్చిన ఆ సినిమాకి మూలం ‘మనె తుంబిద హెణ్ణు’ అనే కన్నడ చిత్రం. తీసింది మన జానపద బ్రహ్మ బి.విఠలాచార్యే. గుండమ్మ అన్న పేరు కూడా కన్నడం నుంచి వచ్చిందే. ఇక పొగరుబోతు సరోజని రాజా దారికి తెచ్చే భాగం షేక్‌స్పియర్ ‘టేమింగ్ ఆఫ్ ది ష్రూ’ నుంచి అందుకున్నది. ఆ నాటకంలో మొగుడు పెళ్ళాన్ని ఆకలితో మాడ్చి లొంగదీస్తాడు. మన సినిమాలో నాగేశ్వరరావు పేదవాడి వేషం కట్టి జమునని కూలిపనిలోకి దింపుతాడు. (ఈ ముక్క ఇప్పటి ఆడపిల్లలకి మింగుడుపడదు. మా అమ్మాయి ఈ భాగం వచ్చినప్పుడల్లా లేచి వెళ్ళిపోతుంది. తప్పు పట్టలేను.)

ఒక కాలు కన్నడంలో, ఒక కాలు ఇంగ్లండులో. మరి మనదేముంది అందులో? సూర్యకాంతం ఉంది. డి.వి.నరసరాజు రాసిన మాటలున్నాయి. గుండమ్మ గయ్యాళే, కానీ ఎవరు కాస్త పొగిడినా ఇట్టే నమ్మేస్తుంది. మాట పెళుసు, బుర్ర బోళా. ఇలాంటి మేనత్తో పిన్నత్తో లేని తెలుగు ఇల్లు నేనింకా చూడలేదు. చివర్లో ఛాయాదేవి చేతిలో ఆవిడే అగచాట్లు పడుతుంటే, అంతవరకూ తిట్టుకున్న జనమే ‘అయ్యో’ అంటారు. నిక్కరేసుకుని పనివాడిగా చేరిన రామారావు రుబ్బురోలు దగ్గర సావిత్రితో కలిసి పిండి రుబ్బుతాడు. ఇది కన్నడంలో ఉందా, షేక్‌స్పియర్‌లో ఉందా అని ఎవరూ అడగరు, అడగబుద్ధి కాదు.

ఈ సినిమా వెనకున్న చక్రపాణి మా తెనాలివారే. మదనపల్లె శానటోరియంలో క్షయకి వైద్యం చేయించుకుంటూ బెంగాలీ నేర్చుకున్నారు, ఆ తర్వాత శరత్ నవలల్ని తెలుగు చేశారు. 1955 నాటి ‘మిస్సమ్మ’కి మూలం కూడా బెంగాలీయే, రవీంద్రనాథ్ మైత్ర నాటకం ‘మాన్మయీ గర్ల్స్ స్కూల్’. ఎక్కడి కథైనా ఆయన చేతిలో పడి ఇక్కడి కాపురం చేసేది.

‘మాయాబజార్’ సంగతైతే మరీ విచిత్రం. శశిరేఖా పరిణయం వ్యాస భారతంలో లేదు, జనం చెప్పుకున్న కథ. 1936లోనే ఒకసారి తెలుగులో సినిమాగా వచ్చింది. 1957లో కె.వి.రెడ్డి మళ్ళీ తీసేనాటికి, హాల్లో కూర్చున్నవాళ్ళకి అభిమన్యుడి పెళ్ళి ఎవరితో అవుతుందో తెలుసు. అయినా పాండవుల ఇంటి కథలో పాండవుల్ని ఒక్కసారి కూడా చూపించకుండా నడిపారు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి నడక చూడండి. ఎస్వీ రంగారావు ఆవిడలో దూరాడా అనిపిస్తుంది. పింగళి నాగేంద్రరావు రాక్షసుల కోసం మాటలే కొత్తగా పుట్టించారు. కొత్త కథ కావాలని పట్టుబట్టి ఉంటే ఇవేవీ ఉండేవి కావు.

కథ ఎక్కడిదన్నది కాదు, దాన్ని మలిచిన తీరే లెక్క అన్న మాట నాది మాత్రమే కాదు, సుప్రీంకోర్టుది కూడా. ‘హమ్ హిందుస్తానీ’ అనే నాటకం రాసిన ఆర్.జి.ఆనంద్, 1956 నాటి ‘న్యూఢిల్లీ’ హిందీ సినిమా తన నాటకానికి కాపీ అని కేసు వేశారు. రెండింటిలోనూ పంజాబీ కుటుంబం, మద్రాసీ కుటుంబం, పిల్లల ప్రేమ, పెద్దల ప్రాంతాభిమానం. 1978లో తీర్పు ఆనంద్‌కి వ్యతిరేకంగా వచ్చింది. ఇతివృత్తం మీద, ఆలోచన మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు, దాన్ని మలిచిన తీరు మీదే ఉంటుంది అన్నారు. సినిమాలో అద్దె ఇళ్ళ వివక్ష, కట్నాల గొడవ వంటివి వేరుగా ఉన్నాయని కూడా చూశారు. అన్నిటికన్నా నాకు నచ్చింది ఆ తీర్పులో పెట్టిన కొలబద్ద. రెండూ చూసిన ప్రేక్షకుడికి ఇది దాని నకలేనని నిస్సందేహంగా అనిపించాలట. అంటే కౌంటరు దగ్గర తీర్పు చెప్పేవాడికి కోర్టే కుర్చీ వేసింది, రెండూ చూసి రమ్మని షరతు పెట్టి.

ఆ షరతు పాటిస్తే నా తక్కెడ కూడా ఒకచోట ఊగుతుంది. 2010 నాటి ‘మర్యాద రామన్న’. పగవాళ్ళ ఇంటికి తెలియక అతిథిగా వెళ్ళినవాడు గడప దాటనంతసేపే బతికుంటాడు. ఇది 1923లో బస్టర్ కీటన్ తీసిన ‘అవర్ హాస్పిటాలిటీ’ కథ. రైల్లో అమ్మాయి పరిచయం, చివర్లో జలపాతం కూడా అక్కడివే. అరువు కాస్త ఎక్కువే అంటాను. కానీ రవితేజ గొంతుతో మాట్లాడే ఆ డొక్కు సైకిలు, సీమ ఫ్యాక్షన్ ఇంట్లో కత్తిని, విస్తరిని ఒకే చేత్తో పట్టుకునే నాగినీడు పెద్దరికం, చావుభయంతో చెమటలు పట్టిన సునీల్ నవ్వు రాజమౌళివే. దీన్నే హిందీవాళ్ళు పంజాబుకి తీసుకెళ్ళి ‘సన్ ఆఫ్ సర్దార్’ చేసుకున్నారు.

కీటన్ సినిమా ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతుంది. నిడివి గంటంబావే, మూకీ కాబట్టి భాష రాదన్న సాకు కూడా లేదు. ఈ ఆదివారం అది చూసి, వెంటనే ‘మర్యాద రామన్న’ మళ్ళీ చూడండి. అప్పుడు మీరు కాపీ అన్నా నేను ఎదురు చెప్పను. బావమరిది చెప్పాడంటే మాత్రం ఊరుకోను.